జోనీ మిచెల్ «మింగస్» ఎల్పీని జాజ్ వినే మేనమామకు బహుమతిగా ఇవ్వవచ్చా?

ప్రశ్న: నీలిరికార్డు

నమస్కారం. వచ్చే మాఘంలో మా మేనమామకు భీమరథ శాంతి చేస్తున్నాము. బట్టలు, వెండి సామాను పెట్టేవారు చాలామందే ఉన్నారు కాబట్టి, నేను మాత్రం ఆయన తన చేతులతో అట్టలోంచి తీసి, తుడిచి, పెట్టుకొని వినగలిగే ఒక ఎల్పీ ఇవ్వాలని అనుకుంటున్నాను. ఆయన చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నారు. జాజ్ మాత్రం రేడియో వల్ల అబ్బింది. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ నడిపిన జాజ్ కార్యక్రమాన్ని షార్ట్‌వేవ్ గరగరల మధ్య చెవి ఆనించి వినేవారట. తరువాత ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో పాత రికార్డులు సంచిలో పెట్టుకొని వచ్చేవారు. మంద్రంగా పలికే బేస్ వాద్యకారుడు, స్వరకర్త ఛార్లెస్ మింగస్ 1959లో చేసిన «మింగస్ ఆహ్ అమ్» అంటే ఆయనకు ప్రాణం.

నా దారి వేరు. నేను మాటల కోసం పాట వినే మనిషిని. తన పాటలు తానే రాసి పాడే జోనీ మిచెల్ 1971 నాటి ఆల్బమ్ «బ్లూ» నాకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నోటికి వచ్చు. అది పెట్టిన ప్రతిసారీ మామయ్య మర్యాదగా ఒక పాట విని, కాఫీ వంకతో లేచి వెళ్లిపోతారు. జోనీ, మింగస్ కలిసి చేసిన «మింగస్» అనే ఆల్బమ్ 1979లో వచ్చిందని తెలిసినప్పటి నుంచి, మా ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టగల రికార్డు అదేనేమో అని ఆశ పుట్టింది. అయితే అది అటు జాజూ కాదు, ఇటు పాటా కాదని పెదవి విరిచినవారు కూడా ఉన్నారు. విన్నవారు దయచేసి చెప్పండి: డెబ్బై ఏళ్ల జాజ్ శ్రోతకు ఇది నచ్చుతుందా? కొంటే పాత ముద్రణ కొనాలా, కొత్తది కొనాలా? ఆయన టర్న్‌టేబుల్ పాతది, ముల్లు మార్చి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

జవాబు 1: మెట్లులేనితీగ

నీలిరికార్డు గారూ, నిస్సంకోచంగా ఇవ్వండి. అయితే రికార్డు చేతిలో పెట్టి ఊరుకోకుండా, అది ఎలా పుట్టిందో నాలుగు ముక్కలు ముందుగా చెప్పి ఇవ్వండి. ఆ కథ తెలియకుండా మొదటిసారి విని నేను కూడా పెదవి విరిచినవాణ్ణే.

మింగస్‌కు 1977లో, కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే ఏఎల్ఎస్ అనే వ్యాధి ఉన్నట్టు తేలింది. అమెరికాలో దానిని లూ గెరిగ్ జబ్బు అంటారు. బేస్ వాయించడానికి వేళ్లు, పియానో మీద స్వరం కట్టడానికి చేతులు సహకరించని స్థితిలో ఆయన చక్రాల కుర్చీలో కూర్చొని, గొంతుతో బాణీలను కూనిరాగం తీసి టేపు రికార్డరులో దాచుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే జోనీ మిచెల్‌కు కబురు పంపారు. టి.ఎస్. ఎలియట్ రాసిన «ఫోర్ క్వార్టెట్స్» కావ్యాన్ని ఆమె కుదించి చదువుతూ ఉంటే, వెనుక సంగీతం నడవాలన్నది ఆయన మొదటి ఆలోచన. ఆ పని తన వల్ల కాదని ఆమె చెప్పేసింది. అప్పుడు ఆయన ఆమె కోసమే ఆరు బాణీలు కట్టి, వాటికి «జోనీ 1» మొదలుకొని «జోనీ 6» వరకు పేర్లు పెట్టి అందించారు. అందులో మూడు ఈ రికార్డులోకి ఎక్కాయి. ఇవి కాక రికార్డులో ఉన్న నాలుగో మింగస్ బాణీ మీ మామయ్యకు బాగా తెలిసినదే: «గుడ్‌బై పోర్క్ పై హ్యాట్». శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ 1959 మార్చిలో చనిపోయినప్పుడు మింగస్ కట్టిన నివాళి అది. మీ మామయ్యకు ప్రాణమైన ఆ ఆల్బమ్‌లో వాద్యాలతోనే మోగిన ఆ బాణీకి, ఇరవై ఏళ్ల తరువాత జోనీ మిచెల్ మాటలు రాసి పాడింది.

బాణీ ముందు, మాట తరువాత అన్న పద్ధతి మన సినిమా పాటలు విన్నవారికి కొత్త కాదు కదా. అయితే మన కవికి అందే బాణీ చాలావరకు గొంతుకు అనువుగానే ఉంటుంది. ఇక్కడ ఆమెకు అందినవి వాద్యకారుడి ఊహలో పుట్టినవి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియనంత పొడుగు వాక్యాలు, ఊహించని చోట దిగిపోయే స్వరాలు. తన పాటలకు తానే బాణీ కట్టుకొని, తన గిటారుకు తానే కొత్త శ్రుతులు కనిపెట్టుకొని పాడే అలవాటున్న మనిషి (చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమచేయి బలహీనపడినందువల్ల ఆమెకు ఆ శ్రుతులు అవసరమయ్యాయి) మరొకరి బాణీలో తలదాచుకోవలసి వచ్చిందన్నమాట. «ఎ చెయిర్ ఇన్ ద స్కై» పాటలో ఆమె మింగస్ గొంతుగా మారి, ఎత్తైన మేడ మీద కుర్చీలో కూర్చొని కిందనున్న న్యూయార్కును చూస్తూ, జరిగిపోయినవాటినీ ఇక జరగబోనివాటినీ తలచుకుంటుంది. చావుకు దగ్గరైన మనిషి బాణీకి, అతనే పాడుతున్నట్టుగా మాట రాసి, అతనికే వినిపించడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

మింగస్ 1979 జనవరి 5న మెక్సికోలో చనిపోయారు. ఆయనకు 56 ఏళ్లు. ఆల్బమ్ జూన్‌లో వచ్చింది. ఆయన ఒక్కటి తప్ప అన్ని పాటలూ విన్నారని జోనీయే రికార్డు అట్ట మీద రాసింది. వినకుండా మిగిలిపోయినది «గాడ్ మస్ట్ బి ఎ బూగీ మ్యాన్». అది ఆయన ఆత్మకథ మొదటి పుటల ఆధారంగా ఆమె సొంతంగా కట్టిన పాట. ఆయనను దహనం చేసిన రోజునే మెక్సికో తీరానికి 56 తిమింగలాలు కొట్టుకొచ్చాయని, ఇటువంటి కాకతాళీయాలు తన ఊహను పులకింపజేస్తాయని కూడా ఆమె అక్కడే రాసింది. ఆయన కోరిక ప్రకారం ఆయన భార్య సూ మింగస్ అస్థికలను మన దేశానికి తెచ్చి గంగలో కలిపారు. ఈ మాట మీ మామయ్యకు తప్పక చెప్పండి.

ఇక వాద్యాల సంగతి. బేస్ జాకో పాస్టోరియస్, సోప్రానో శాక్సఫోన్ వేన్ షార్టర్, ఎలక్ట్రిక్ పియానో హెర్బీ హ్యాంకాక్, డ్రమ్స్ పీటర్ అర్‌స్కిన్, కాంగాలు డాన్ ఏలియస్. ఈ పేర్లు చదివితేనే మీ మామయ్య కాఫీ మాట మరచిపోతారు. వయొలిన్ నేర్చుకున్నవారు కాబట్టి ఆయనను ముఖ్యంగా జాకో వేళ్లను వినమనండి. అతనిది మెట్లు లేని బేస్ గిటారు. వీణకున్నట్టు మెట్లు ఉంటే స్వరం దాని స్థానంలో నిలబడుతుంది, లేనప్పుడు వేలు ఎక్కడ ఆగితే అదే స్వరం. మన వయొలిన్‌లో జారు ఎలా పలుకుతుందో, ఆ లావు తీగ మీద అతని వేలు జారినప్పుడు అలాగే పలుకుతుంది. «స్వీట్ సకర్ డాన్స్»లో ఆమె ఒక వాక్యం చివర గొంతు దించుతుంటే, బేస్ ఆ చివరను అందుకొని మరి కాస్త కిందికి దింపి వదలుతుంది. పక్కవాద్యం ఎలా నడవాలో తెలిసినవారికి ఆ ఒక్క చోటు చాలు.

జవాబు 2: ఉప్పుటేరు

పై జవాబులోని విషయాలతో నాకు పేచీ లేదు, సలహాతోనే ఉంది. బహుమతి ఇచ్చేటప్పుడు రికార్డు గొప్పదా కాదా అన్నదానికంటే, అది తీసుకున్నవారు పదోసారి కూడా దానిని పెట్టుకుంటారా అన్నది చూడాలి. నేను ఆ పదోసారి దగ్గరే ఆగిపోయాను.

ఈ రికార్డులో పాటలు ఆరే. మిగిలిన అయిదూ పాటల మధ్య అతికించిన టేపు ముక్కలు. మింగస్ పుట్టినరోజు సందడి, తన అంత్యక్రియల గురించి మిత్రులతో మాట్లాడుకున్న మాటలు, ఒకచోట ఇద్దరూ సరదాగా కూనిరాగం తీసుకోవడం, ఇటువంటివి. మొదటిసారి వింటే గుండె చివుక్కుమంటుంది. రెండోసారి ఆసక్తిగా ఉంటుంది. ఆ తరువాత మాత్రం, మంచి కచేరీలో రాగం అందుకోబోతుండగా ముందు వరుసలోని పెద్దమనిషి కుర్చీ జరుపుకొంటున్నట్టుగా ఉంటుంది. సీడీలో అయితే దాటవేయవచ్చు. ఎల్పీలో ఆ ముక్క దాటాలంటే లేచి, చేయి వణకకుండా ముల్లు ఎత్తి, ముందుకు జరిపి పెట్టాలి. డెబ్బై ఏళ్ల వారి చేత ఆ కసరత్తు చేయించడం భావ్యం కాదు.

మరొక మాట. జాజ్ శ్రోతలకు మింగస్ అంటే పెద్ద బృందం, అరుపులు, తోపులాట, చర్చిలో పూనకం వచ్చినట్టుండే ఊపు. ఈ రికార్డులో అది దాదాపుగా లేదు. జాకో ఊదుడు వాద్యాలకు కూర్పు చేసిన «ది డ్రై క్లీనర్ ఫ్రమ్ డి మాయిన్» ఒక్కటే గంతులు వేస్తుంది. తక్కినదంతా నీళ్లలో రంగు కలిపినట్టు పలచగా పరుచుకుంటుంది. మింగస్ పేరు చూసి మింగస్ కోసం కూర్చున్నవారికి ఇది ఆశాభంగమే. దీనికి ముందు జోనీ వేరే వాద్యకారులతో కొన్ని ప్రయత్నాలు చేసిందనీ, వారిలో జెర్రీ మలిగన్, జాన్ మెక్‌లాఫ్లిన్ వంటివారు ఉన్నారనీ అట్ట మీదే ఉంది. ఆ టేపుల్లో ఏముందోనన్న బెంగ నన్ను ఇప్పటికీ వదలలేదు. (మెక్‌లాఫ్లిన్ అంటే జాజ్‌ను మన సంగీతంతో కలిపిన శక్తి బృందం, ఆ తరువాతి కాలంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ పక్కన కూర్చున్న మెక్‌లాఫ్లినే.)

నన్నడిగితే 1980లో వచ్చిన «షాడోస్ అండ్ లైట్» ఇవ్వండి. 1979 సెప్టెంబరులో శాంటా బార్బరాలో ఆరుబయట చేసిన కచేరీ, రెండు ఎల్పీలు. జాకో ఉన్నాడు. అతనికి తోడు గిటారుకు పాట్ మెథీనీ, శాక్సఫోన్‌కు మైకేల్ బ్రెకర్, కీబోర్డులకు లైల్ మేస్ ఉన్నారు. «మింగస్»లోని మూడు పాటలు అందులో టేపు ముక్కల బెడద లేకుండా, ఎదుట జనం ఉన్న ఉత్సాహంతో వినిపిస్తాయి. మీకు ఇష్టమైన పాత పాటలు కూడా కొన్ని కలిసి వస్తాయి.

జవాబు 3: అటకమీదిపెట్టె

ఏది ఇవ్వాలన్నది మీరు మీరు తేల్చుకోండి. నేను ముద్రణల గురించి, ముల్లు గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే ఆ రెండూ సరిగా లేకపోతే ఏ ఆల్బమ్ అయినా ఒకటే.

«మింగస్» మొత్తం నిడివి 37 నిమిషాల పైచిలుకు, అంటే ఒక్కో పక్కకు 18 నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. ఎల్పీకి ఇది చాలా మంచి కొలత. ఒక పక్క 25 నిమిషాలు దాటితే గాడులను ఇరికించాలి, ఇరికించాలంటే శబ్దం తగ్గించాలి, అందులో మొదట నష్టపోయేది బేసే. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు కనుక జాకో తీగకు చోటు దండిగా దొరికింది.

అయితే ఎల్పీకి పుట్టుకతో వచ్చిన ఒక లోపం ఉంది. పళ్లెం నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల చొప్పున పరుగెత్తితే, బాగా లోపలికి వచ్చేసరికి అది సుమారు 20కి పడిపోతుంది. అంత శబ్దమూ అంత తక్కువ జాగాలో కిక్కిరిసి ఉంటుంది కాబట్టి, అరిగిన ముల్లు అక్కడ తడబడి, స, శ వంటి అక్షరాలను బుసకొట్టిస్తుంది. ఈ రికార్డులో రెండో పక్క చిట్టచివర ఉన్నది «గుడ్‌బై పోర్క్ పై హ్యాట్»! మీ మామయ్య దేనికోసం ఎదురుచూస్తారో అదే అన్నిటికంటే లోపలి గాడుల్లో ఉంది. అందువల్ల రికార్డుతో పాటు కొత్త ముల్లు కూడా కొనండి. గుండ్రటి మొన కాకుండా కోలమొన ఉన్నది తీసుకోండి, లోపలి గాడుల్లో తేడా చెవికి తెలుస్తుంది. ముల్లును మోసే భుజం (టోన్‌ఆర్మ్) గాడి మీద మోపే బరువును, ఆ ముల్లు తయారీదారు చెప్పిన కొలతకే సరిచేయించండి. చాలావాటికి అది గ్రామున్నర నుంచి రెండు గ్రాముల మధ్య ఉంటుంది. గెంతకుండా ఉంటుందని బరువు పెంచితే గాడులు చెక్కుకుపోతాయి.

ముద్రణ విషయానికి వస్తే, 1979 నాటి అసైలమ్ కంపెనీ అమెరికా ముద్రణ సంఖ్య 5ఈ-505. తెరుచుకొనే జంట అట్ట. జోనీ చిత్రకారిణి కూడా కాబట్టి బొమ్మలు ఆమె వేసినవే. మెక్సికోలో చక్రాల కుర్చీలో కూర్చున్న మింగస్‌ను వెనుకనుంచి చూపించే బొమ్మ కోసమైనా పెద్ద అట్ట కావాలి. సీడీ పెట్టెలో అది తపాలాబిళ్ల అయిపోతుంది. పాతది కొనేటట్టయితే అమ్మేవారిని రికార్డు ఫొటో ఒక్కటే కాక, దానిని కంటి ఎత్తులో అడ్డంగా పెట్టి తీసిన ఫొటో కూడా అడగండి. ఒంపు తిరిగిందా లేదా అన్నది అందులోనే బయటపడుతుంది. ఈ హెచ్చరిక ఊరికే చేయడం లేదు. నేను మూడేళ్ల కిందట ఒక దుకాణం నుంచి «దాదాపు కొత్తది» అన్న మాట నమ్మి తెప్పించుకున్న ప్రతి, ఎవరి ఎండాకాలపు అటకలోనో నిద్రపోయి వచ్చినట్టుంది. పళ్లెం మీద పెడితే చెరువులో పడవలా ముల్లు లేచి పడేది. డబ్బు వాపసు రాలేదు. ఇప్పుడు ఆ అట్టను గోడకు తగిలించుకున్నాను.

కొత్తవాటిలో, 2024లో రైనో సంస్థ 1976 నుంచి 1980 దాకా వచ్చిన ఆమె అసైలమ్ ఆల్బమ్‌లను ఒకే పెట్టెగా తెచ్చింది. కొత్త మాస్టరింగ్ (ముద్రణకు ముందు శబ్దాన్ని సరిదిద్దే పని) బెర్నీ గ్రండ్‌మన్‌ది. ఆ పెట్టెలో «హెజీరా», «డాన్ హువాన్స్ రెక్‌లెస్ డాటర్», «మింగస్», «షాడోస్ అండ్ లైట్» నాలుగూ ఉన్నాయి. అంటే పై ఇద్దరి తగవూ ఆ పెట్టెలో తీరిపోతుంది. కాకపోతే విదేశాల నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు, సుంకం కలిసి, శాంతి హోమం ఖర్చుతో పోటీ పడవచ్చు.

మళ్లీ మెట్లులేనితీగ

ఉప్పుటేరు గారూ, టేపు ముక్కల మీద మీ విసుగు నాకు అర్థమవుతుంది, మొదట్లో నాదీ అదే. కానీ ఒకటి గమనించండి. ఈ రికార్డులో మింగస్ ఒక్క స్వరం కూడా వాయించలేదు, వాయించలేని స్థితిలో ఉన్నారు. ఆయన గొంతు, నవ్వు, గదిలోని మనుషుల సందడి, వీటిని తీసేస్తే ఈ జుగల్‌బందీలో రెండో మనిషి మనకు పేరుగా, బాణీగా మాత్రమే మిగులుతాడు. ఆయనకు వేరే కుర్చీ వేయలేక ఆమె ఈ ముక్కలను కుర్చీగా వేసిందని నేను అనుకుంటాను. ముల్లు ఎత్తడం కష్టం కాబట్టి ఎల్పీలో వాటిని వినక తప్పదన్నారు, నేను అదే మంచిదంటాను.

మొదటి పక్క చివరి పాటను ఎవరూ ప్రస్తావించలేదు. «ద వుల్ఫ్ దట్ లివ్స్ ఇన్ లిండ్సీ» పూర్తిగా జోనీ సొంత పాట. తీగలను మీటడం కంటే కొట్టడమే ఎక్కువగా ఉంటుంది. తీగలు పలక మీద పడి చటచటలాడుతుంటే, వెనుక నిజమైన తోడేళ్లు ఊళ వేస్తాయి. ఆ ఊళలు తగ్గాక ముల్లు ఖాళీ గాడిలో టిక్కు టిక్కుమంటూ తిరుగుతుంది. లేచి రికార్డు తిప్పాలి. ఆ లేచి నడిచే వ్యవధి ఈ ఆల్బమ్‌కు అవసరం. 2022 నుంచి 2024 దాకా రెండేళ్లపాటు ఆమె పాటలు స్పాటిఫైలో లేకపోవడం వల్లే నేను ఈ ఎల్పీ కొన్నాను. లేకపోతే ఫోనులో ఒకదాని వెంట ఒకటి జారిపోతూ ఉంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదేమో.

నీలిరికార్డు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, శాంతి అయ్యాక వివరంగా చెబుదామని ఆగాను. పెట్టె నా తాహతుకు మించింది కాబట్టి పాత «మింగస్» ఒకటి, అటకమీదిపెట్టె గారు చెప్పినట్టు అడ్డంగా తీసిన ఫొటో తెప్పించుకొని చూసి మరీ కొన్నాను. కోలమొన ముల్లు కూడా తెప్పించాను కానీ, పాత దానితోనే ఒకసారి విందామని మామయ్య పట్టుబట్టారు.

పుట్టినరోజు టేపు మొదలవగానే ఆయన, «ఎవరి ఇంట్లోనో తలుపు తీసుకొని వెళ్లినట్టుంది» అన్నారు. ఉప్పుటేరు గారి మాట నిజమవుతుందేమోనని భయపడ్డాను కానీ ఆయన లేవలేదు. «ఎ చెయిర్ ఇన్ ద స్కై»లో జాకో వేలు మొదటిసారి గట్టిగా జారినప్పుడు, మామయ్య ఎడమచేతి చూపుడువేలు పంచె మీద, మోకాలికి కాస్త పైన, అంగుళం మేర జారి ఆగింది. ఆయన వయొలిన్ పట్టి ముప్పై ఏళ్లు దాటింది. తోడేళ్ల పాట మాత్రం అత్తయ్యకు నచ్చలేదు. శుభమా అని హోమం చేసుకున్న రోజున ఇంట్లో ఈ ఊళలేమిటని వంటింట్లోంచి కేకవేసింది.

రెండో పక్క చివర, మీరు చెప్పిన చోటనే, చెప్పినట్టే బుసకొట్టింది. మామయ్య ఏమీ అనకుండా లేచి, తన 1959 మింగస్‌ను తీసి, అదే బాణీని మాటలు లేకుండా ఒకసారి పెట్టుకొని విన్నారు. తరువాత అట్ట తెరిచి, కళ్లజోడు సవరించుకొని జోనీ రాసిన మాటలన్నీ నిలబడే చదివారు. చదివాక నా వైపు చూసి, «ఆ కొత్త ముల్లు ఏదీ, ఇటు తే» అన్నారు.

ఆ పెట్టె విప్పి చూస్తే, ఆయన పాత భుజానికి ఈ ముల్లును బిగించిన కాట్రిడ్జి అమరడానికి మధ్యలో చిన్న రేకు బిళ్ల ఒకటి కావాలట. అది విజయవాడలో ఎక్కడ దొరుకుతుందో అటకమీదిపెట్టె గారు చెప్పగలరా?